పడమటి గాలికి దడి, సముద్రపు గాలికి దారి

ట్రాక్టరు తొట్టిలోంచి సరుగుడు బాదులు కింద పడుతున్నాయి. తెల్లవారుజాము అయిదు దాటి కాసేపే అయింది. మీరున్నది పొన్నూరు శివారులో, నిడుబ్రోలు వైపు. చేలకూ ఇళ్లకూ ఇక్కడ దూరం లేదు. వీధికి ఇవతల డాబాలు, అవతల మినుము పీకేసిన మాగాణి. నల్లరేగడి నిలువునా పగిలి ఉంది. చూసుకోకుండా అడుగేస్తే చెప్పు కొస పగులులో ఇరుక్కుంటుంది. ఏప్రిల్ ఆఖరి వారం. ఈ చల్లదనం ఏడున్నర దాకానే. ఆ సంగతి తెలిసినవాళ్లు గనుక బాదులు దించేవాళ్లు కబుర్లు పెట్టుకోవడం లేదు.

ఇల్లు పడమటి ముఖం. రెండు గదులు, పైన శ్లాబు, ముందు ఇనప రేకుల వసారా ఉండేది. ఆ రేకుల్ని నిన్న సాయంత్రమే విప్పి పక్క గోడకు చేరేశారు. వాటి చోట ఇవాళ తాటాకు పందిరి లేవాలి. పట్టుబట్టింది ఇంట్లో పెద్దావిడ. పోయిన వేసవి ఆ రేకుల కింద మంచం వేసుకుని పగలంతా విసనకర్రతోనే గడిపింది. మళ్లీ అట్లా గడపనని కొడుక్కీ కోడలికీ తేల్చి చెప్పేసింది.

మేస్త్రీకి అరవై దాటాయి. శ్రీరామనవమి చలువ పందిళ్ల పని ముగిసి ఇప్పుడిప్పుడే ఇళ్ల పనుల్లోకి దిగాడు. జేబులో టేపు ఉంది గానీ బయటికి తీయలేదు. గుమ్మం ముందు నిలబడి ఇంటి కోడల్ని అడుగుతున్నాడు.

"మధ్యాన్నం మూడింటికి ఎండ ఎందాకా వస్తదమ్మా?"

"గడప దాటి మంచం కోడు దాకా వస్తది బాబాయ్."

"నాలుగున్నరకి?"

"లోపలి గోడకి ఎక్కుద్ది. ఇంకో నెల పోతే ఆ కిటికీలోంచి కూడా పడుద్ది."

ఆమె చెయ్యి చాపింది ఉత్తరపు కిటికీ వైపు. మేస్త్రీ తలూపాడు. అతనికి కావలసింది ఆ కిటికీ సంగతే.

పొన్నూరు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలో ఒక రోజు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, గుంజ నీడ గుంజ మొదట్లోనే పడుతుంది. ఆ తరువాత ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం పక్కనే ఉంటాడు. జూన్ మూడో వారానికి పొద్దు కుంగే చోటు పడమటికి 24 డిగ్రీలు ఉత్తరంగా జరిగి ఉంటుంది. చలికాలమంతా నీడలో ఉన్న ఉత్తరపు గోడ, రోహిణి కార్తె వచ్చేసరికి సాయంత్రపు ఎండకు దొరికిపోతుంది. మేస్త్రీకి ఈ డిగ్రీల లెక్క తెలియదు. కాలి బొటనవేలితో దుమ్ములో ఒక గీత గీశాడు, ఇంటి ముందు నుంచి ఉత్తరం వైపుకు. మూల దగ్గర ఆ గీత ఆగలేదు, ఇంటి వైపు వంగింది.

"పడమట ఒక్కటే కట్టి ఆపితే డబ్బు దండగ బాబూ. దడి వాయవ్యం మూల తిరగాల. అసలు ఎండ ఆ మూల నుంచే దూరుద్ది."

గుంటలు మొదలయ్యాయి. మీ చేతికీ ఒక గునపం ఇచ్చారు. మొదటి అడుగు రాయే. గునపం దిగకుండా ఎగిరి మోచేతి దాకా అదురుతుంది. రెండో అడుగుకు పెళ్లలు లేస్తాయి. మూడో అడుగులో మట్టి నల్లగా, చల్లగా, వేళ్లకు అంటుకుంటూ వస్తుంది. ఇంత ఎండలోనూ అక్కడ తేమ మిగిలే ఉంది. మొత్తం తొమ్మిది గుంటలు, మూడేసి చొప్పున మూడు వరసలు. తీసిన మట్టిని గుంట పక్కనే పోస్తుంటే మేస్త్రీ అరిచాడు, దూరంగా పోయమని. ఆ మట్టి తిరిగి గుంటలోకి పోకూడదట.

"ఈ రేగడి మాట మీద నిలబడదు. వానకి ఉబ్బుద్ది, ఎండకి ముడుచుకుద్ది. గుంజని పట్టుకునేదీ అదే, వదిలేసేదీ అదే."

అందుకని గుంజ చుట్టూ ఇసుక, ఇటుక ముక్కలు పోసి రోకలిబండతో కూరుతారు. ఇసుకకు ఉబ్బడం, ముడుచుకోవడం లేవు. పడ్డ నీరు నిలవకుండా కిందికి దిగిపోతుంది. ఊళ్లో ఎన్ని దళ్లు ఒరిగిపోయి కనిపిస్తాయో చూడండి. చాలావాటి కింద నల్లమట్టినే తిరిగి పూడ్చి ఉంటారు. సిమెంటు స్తంభం పాతినా రాతి స్తంభం పాతినా ఈ నేలలో ఇదే కథ, పూడ్చిన మట్టిని బట్టే దాని ఆయుష్షు.

గుంజ దిగేముందు ఇంకో పని ఉంది. పక్కన ఎండుటాకు మంట వేసి, బాదు మొదలును మూడడుగుల మేర తిప్పుతూ కాలుస్తున్నారు. పైపొర నల్లగా బొగ్గుబారాలి, లోపలి చేవకు మంట తగలకూడదు. వేడి తగ్గాక దానిమీద తారు పూస్తారు. బాపట్ల, చీరాల తీరపు ఇసుక నేలల్లో తోటలుగా పెరిగే సరుగుడు నిటారుగా ఉంటుంది, బరువు మోస్తుంది. కాగితం మిల్లులకు పోయింది పోగా మిగిలింది ఇట్లా గుంజలకూ నిచ్చెనలకూ వస్తుంది. మట్టిలో పాతితే మాత్రం చెదపురుగుకు తొందరగా లొంగుతుంది. కాల్చి తారు పూసిన గుంజ నిలిచినన్నాళ్లు వట్టి గుంజ నిలవదు.

ఏడయ్యేసరికి తొమ్మిది గుంజలూ నిలబడ్డాయి. ఇంటి పక్క వరస పది అడుగులు, పడమటి వరస ఏడున్నర. పందిరి వీధి వైపుకు వాలి ఉంటుంది. ఆ వాలు వానకని మీరనుకుంటే మేస్త్రీ ఒప్పుకోడు. పొద్దు వాలేకొద్దీ ఎండ కిందికి దిగి వస్తుంది గదా, దానికి తగ్గట్టు చూరూ కిందికి దిగాలి. ఇక ఇంటి గోడకూ పందిరికీ మధ్య జానెడు సందు వదిలారు. వేడిగాలి పైకి లేచి ఎత్తైన ఆ పక్క నుంచి బయటపడుతుంది. రేకుల వసారాకు ఆ సందు లేదు. రేకును గోడకు ఆనించి సిమెంటుతో పూడ్చేశారు. లోపల చేరిన వేడి లోపలే కూర్చునేది.

ఇప్పుడు కట్లు. గుంజ మీద అడ్డబాదు ఆనిన చోటికి మీరు నిచ్చెనెక్కి దగ్గరగా చూడాలి. మేస్త్రీ అల్లుడు భుజం మీద నానిన తాటి నార వేసుకున్నాడు. రాత్రంతా తొట్టిలో నానబెట్టినది. ఎండు నార మడత పెట్టగానే పుటుక్కుమంటుంది, నానినది చెప్పినట్టు ఒంగుతుంది. ఒక కొసను కుడి బొటనవేలి కింద నొక్కిపెట్టి, గుంజకూ బాదుకూ కలిపి ఏటవాలుగా మూడు చుట్లు చుట్టాడు. తరువాత ఎదురు ఏటవాలుగా మూడు చుట్లు. రెండు వరసలూ బాదు మీద అడ్డంగా దాటుకున్నాయి. అప్పుడు ఒక చిన్న పుల్ల తీసుకుని నార కిందికి దూర్చి మెలితిప్పాడు. ఒక్కో మెలికకూ నార చర్మం బిగిసి, అంచున నీటి చుక్కలు ఊరి, బాదు గుంజలోకి కొరుక్కున్న చప్పుడు వినిపించింది. పుల్లను వెనక్కి మడిచి మిగిలిన కొసతో కట్టేశాడు. మేకు లేదు, బోల్టు లేదు. కింద నిలబడి మేస్త్రీ గుంజను రెండు చేతులా పట్టుకుని ఊపితే పందిరి చట్రమంతా ఒక్కటిగా కదిలి ఆగింది.

"మేకు కొడితే ఎట్టా ఉంటది మావా?" అని కుర్రాడొకడు అడిగాడు.

"గాలికి మేకు కన్నం పెద్దది చేసుకుంటది. కట్టు గాలితో పాటు ఊగుద్ది, మళ్లీ తన చోటికి తాను వస్తది. ముందు ఆ వెదురు అందివ్వరా."

చట్రం మీద అడుగున్నర ఎడంగా వెదురు బొంగులు పరిచారు. ఆకు అందివ్వడం మీ వంతు. తాటాకు మోపులు గోడవార పేర్చి ఉన్నాయి. కొట్టుకొచ్చి, ఒకదాని మీద ఒకటి పరిచి, పైన బండలు పెట్టి రోజుల తరబడి అణచిన ఆకు అది. విసనకర్ర మడతలు తెరుచుకుని చదునుగా ఉంది. మట్ట అంచుకు రంపపు పళ్లున్నాయి. మీరు తొందరపడి మట్ట పట్టుకోబోతే, కత్తితో అంచులు చెక్కుతున్న ఆవిడ ఆపింది: "అక్కడ కాదు బాబూ, ఆకు మొదట్లో పట్టుకో. అరచెయ్యి చీరుకుపోద్ది." ఆమె చేతుల మీద పాత గీతలు మోచేతి దాకా ఉన్నాయి. కత్తిని ఆమె తనవైపుకు లాగదు, బయటికే నెడుతుంది. ఒక్కో మట్టకు రెండే కోతలు.

ఒక తాటిచెట్టు ఏడాదికి పది పన్నెండు ఆకులకు మించి వేయదు. మువ్వు చుట్టూ ఉన్న లేత ఆకుల జోలికి పోకుండా, కింది వరస ముదురాకులు మాత్రమే కొట్టాలి. పైకి పోయి మొదలంటా నరికితే ఆ ఏడు ముంజ తగ్గుతుంది, చెట్టూ నీరసిస్తుంది. ఈ ఇంటి పందిరికి ఆకు కాలవ గట్ల మీది చెట్ల నుంచి వచ్చింది. ఇదివరకు చేను గట్టు మీదే దొరికేది. ఇటుక బట్టీలకు కట్టెగా తాళ్లు తరలిపోయాయి. తాటి టెంక పాతితే చెట్టు కాపుకొచ్చేసరికి పుష్కరం పైనే పడుతుంది, నరకడానికి పూటైనా పట్టదు. పందిరి పని నేర్చినవాళ్లు తగ్గిపోయారని వాపోతాం గానీ, ఆకే లేకపోతే ఆ పని ఎవరు నేర్చుకుంటారు? గట్టు మీద చెట్టును కాపాడని ఊరు నీడను డబ్బు పోసి కొనుక్కోవలసిందే, అదీ ఇనపదో ప్లాస్టిక్‌దో.

ఆకు రెండు పొరలు. మొదటి పొర మట్టలు ఇంటి వైపుకు, కొసలు వీధి వైపుకు. రెండో పొర మొదటిదాని సందుల్ని మూస్తూ. పైన వెదురు బద్దలు అడ్డంగా పరిచి కింది బొంగులకు కలిపి కట్టారు. ఈ బద్దలు లేని పందిరి మేలో వచ్చే అకాల గాలివానకు లేచిపోతుంది. పై పొర వేస్తుండగా కింద నిలబడి తలెత్తి చూస్తే ఒక్కో ఆకు పడినప్పుడల్లా మీ మొహం మీది వెలుగు చెదిరి తగ్గుతూ వచ్చింది. చీకటి మాత్రం కాలేదు. సన్నని సందుల్లోంచి ఆకాశం చుక్కలుగా కనిపిస్తూనే ఉంది. గాలికి ఆ సందులు కావాలి.

పదకొండింటికి పని ఆపేశారు. మేస్త్రీ మాటకు ఎదురు లేదు, సాయంత్రం నాలుగు దాకా ఎవరూ నిచ్చెనెక్కకూడదు. గోడకు చేరేసి ఉన్న ఇనప రేకు మీద చెయ్యి పెట్టి చూడండి. ఒక్క క్షణం కూడా ఉంచలేరు. ఆ వేడంతా ఇన్నాళ్లూ పెద్దావిడ నెత్తి మీద, మూరెడు దూరంలో ఉండేది. రేకు ఎండను ఆపుతుంది, తాను కాగి ఆ కాకను కిందికి వదులుతుంది. తాటాకు పలచన, పొరకూ పొరకూ మధ్య గాలి. పై పొర కాగినా కింది పొర దాకా ఆ కాక రాదు.

రేకు ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. పూరిళ్ల కాలంలో ఒక ఇంట పొయ్యి రవ్వ ఎగిరితే వరసంతా బుగ్గి అయ్యేది. రెండేళ్లకో మూడేళ్లకో ఆకు మార్పిడి, దాని ఖర్చు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తీరంలో గుడిసెలను మనుషులతో సహా ఊడ్చుకుపోయింది. పక్కా ఇల్లు కావాలని జనం కోరుకున్నది సుఖానికి కాదు, ప్రాణానికి. శ్లాబు వేసుకున్నందుకు ఎవరినీ తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ప్రభుత్వం కట్టించి ఇచ్చే ఇంటి కొలతల్లో గదులున్నాయి, వంటిల్లు ఉంది, మరుగుదొడ్డి ఉంది. మధ్యాహ్నం కూర్చునే నీడను మాత్రం ఇంటి లెక్కలో వేయలేదు. తరువాత ఎవరి తిప్పలు వారు పడుతూ రేకో, ఆకుపచ్చ వలో కట్టుకున్నారు. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ముసలివాళ్లు, ఎండన పనిచేసేవాళ్లే ఎక్కువ. ఇంటికి నీడ కూడా ఒక గదే అని ఆ నెల తరువాతైనా మనం ఒప్పుకుని ఉండాల్సింది.

అన్నాలయ్యాయి. కొత్త ఆవకాయ, మజ్జిగ. మేస్త్రీ తువ్వాలు తలకు చుట్టుకుని మిమ్మల్ని రమ్మన్నాడు. "పందిరి చదువుకోవాలంటే తోటలోకి పోవాల బాబూ." వీధి దాటి, చేను గట్టు మీద నడిపించుకుపోయాడు.

తమలపాకు తోట. పొన్నూరు చుట్టుపక్కల ఇవి ఎప్పటినుంచో ఉన్నాయి. బయట నిలబడితే మీకు కనిపించేది తాటాకు దడి ఒక్కటే, పడమట నిలువెత్తున. వంగి లోపలికి దూరగానే కళ్లు చిట్లించడం ఆగిపోతుంది. వరసగా అవిశ మొక్కలు, వాటికి జమ్ముతో కట్టిన తమలపాకు తీగలు. వానాకాలం మొదట్లో అవిశ విత్తి, అది ఎదిగి నీడ పట్టాక తీగ నాటుతారు. అవిశాకు చిన్నది, ఎండను జల్లించి కిందికి వదులుతుంది. మొక్కే గుంజ, మొక్కే పందిరి. కాలవల్లో తడి, పైన నీడ, పడమట దడి, ఈ మూడూ కలిస్తేనే ఆ లేత ఆకు మే నెల దాటుతుంది. దడి ఒక్కచోట పడిపోతే అక్కడి తీగ వడగాలికి రెండు రోజుల్లో మాడుతుందని రైతు చెప్తున్నాడు. అతను చూపించిన చోట కాడలు నల్లబడి ఉన్నాయి. ఆకుకు చేసిన ఏర్పాటు మనిషికి చేసుకోలేకపోయామని ఆ తోటలో నిలబడితే గుచ్చుకుంటుంది.

ఇంకో సంగతీ అక్కడే గుర్తొస్తుంది. ఇక్కడి నుంచి పడమటికి, పెదనందిపాడు, ప్రత్తిపాడు దాటి పోతుంటే పత్తి, మిరప చేలు. కోతల నెలల్లో దూరపు మెట్ట జిల్లాల నుంచి కుటుంబాలతో కూలీలు దిగుతారు. చేల పక్కన కర్రలు పాతి ప్లాస్టిక్ పట్టా కప్పుకుని వారాల తరబడి ఉంటారు. మార్చి మధ్యాహ్నం పట్టా కింద పసిపిల్లను పడుకోబెట్టిన తల్లి, కొంగుతో విసురుతూనే ఉంటుంది. కళ్లంలో కాయకు ఎండ కావాలి, కోసినవాళ్లకు నీడ కావాలి. నాలుగు గుంజలు, రెండు మోపుల ఆకు, పడమట ఒక తడిక. మేస్త్రీ మనుషులకు ఒక పూట పని. క్వింటాళ్ల లెక్కన కాయ అమ్మే చేలో ఈ ఖర్చు కనపడను కూడా కనపడదు. దీన్ని కోత కూలితో పాటు రైతు భరించాల్సిన ఖర్చుగా చూడాలి.

మూడింటికి తిరిగొచ్చేసరికి పడమటి గాలి లేచింది. దక్కను మీదుగా ఎండిన నేలలు దాటి వచ్చే గాలి ఇది. మొహానికి తగిలితే కళ్లలో తడి ఆరిపోతుంది. పైన ఆకు కప్పి ఉన్నా పందిరి కింద మీకు హాయిగా లేదు. పైనుంచి నీడ ఉంది, పక్కనుంచి మంట వస్తోంది. దడి లేని పందిరి సగం పందిరే.

నాలుగింటికి దడి ఎత్తడం మొదలైంది. పడమటి గుంజలకు అడ్డంగా మూడు వెదుర్లు, వాటికి నిలువుగా తాటి మట్టలు ఒరుసుకునేటట్టు. లోపలి వైపు తాటాకు తడికలు. నేల నుంచి నిలువెత్తు దాకా. పైన చూరు కింద మూరెడు ఖాళీ వదిలారు, వేడి పోవడానికి. మెట్ట ఊళ్లలో కందికంపతోనూ పత్తి కట్టెతోనూ దళ్లు కట్టడం కద్దు. పత్తి కట్టె విషయంలో మాత్రం మేస్త్రీ ఖండితంగా వద్దంటాడు. అందులో గులాబీ రంగు పురుగు దాక్కుని మళ్లీ పంటకు చేనుకెక్కుతుంది, వ్యవసాయ శాఖవాళ్లు ఏటా చెప్పేదీ అదే. సర్కారు తుమ్మ కంప పశువును ఆపుతుంది గానీ గాలిని ఆపదు.

దడి వాయవ్యం మూల తిరిగి ఉత్తరపు కిటికీ దాటి ఆగింది. దక్షిణం, ఆగ్నేయం పూర్తిగా వదిలేశారు. అక్కడ ఒక్క ఆకు కూడా వేలాడకూడదని మేస్త్రీ కుర్రాళ్లను హెచ్చరించాడు. సూర్యలంక సముద్రం ఇక్కడికి సుమారు 30 కిలోమీటర్లు. పొద్దెక్కేకొద్దీ నేల కాగి, సాయంత్రానికి ఆ దిక్కు నుంచి సముద్రపు గాలి లోపలికి వస్తుంది. పడమటి గాలి జోరుగా ఉన్న రోజున అది ఆలస్యమవుతుంది, కొన్ని రోజులు అసలు రానే రాదు. ఆ రోజులే వడదెబ్బ రోజులు. గాలి మళ్లిన క్షణం మీకు తెలుస్తుంది. పడమటి నుంచి దడిని కొడుతున్న చప్పుడు నిలిచిపోయి, కాసేపు ఆకు కదలదు, తరువాత ఎడమ చెంపకు తడిగాలి తగులుతుంది. పెద్దావిడ మంచం తెచ్చి ఆ దారికి అడ్డంగా వేయించుకుంది. "ఇక్కడే, జరపమాకండి" అని ఖాయం చేసుకుంది.

దడి మీద నీళ్లు చల్లాలా అని కోడలు అడిగింది. పడమటి గాలి వీచేటప్పుడు చల్లమన్నాడు మేస్త్రీ. ఆ పొడిగాలి తడి తడికలోంచి వస్తూ నీటిని ఆవిరి చేసి తాను చల్లబడుతుంది. వట్టివేళ్ల తడిక ఉంటే ఇంకా మంచిది, వాసన కూడా. సముద్రపు గాలి మొదలయ్యాక చల్లితే ప్రయోజనం లేదు, అప్పటికే తడిగా ఉన్న గాలి ఇంకో తడిని తీసుకోదు, ఉక్కపోత మిగులుతుంది.

పందిరి కింద అరుగు పని చిన్నదే. పాత మట్టి అరుగును అడుగున్నర ఎత్తుకు లేపి, మట్టి కూరి, మాచర్ల నాపరాళ్లు పరిచి ఉంచారు. వీధి వైపుకు కొంచెం వాలు. వానాకాలం చేలు నిండితే పాములూ తేళ్లూ మెరక కోసం ఇళ్ల వైపుకే వస్తాయి, ఈ ఎత్తు అప్పటికి పనికొస్తుంది. ఎండన పరిచిన నాపరాయి కాళ్లు కాలుస్తుంది. అదే రాయి ఇవాళ ఒక్క పూట నీడలో ఉండేసరికి దాని మీద చెప్పుల్లేకుండా నిలబడగలుగుతున్నారు.

పందిరికి బల్బు కట్టబోయిన కుర్రాణ్ణి మేస్త్రీ ఆపాడు. తీగ ఆకులో దూరకూడదు, బల్బు గోడకే ఉండాలి. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు ఆకుకు బారెడు దూరంలో పోవాలి. అందుకు కరెంటు మనిషిని పిలిచి వైరు జరిపించేదాకా మూల ఆకు వేయనన్నాడు, వేయలేదు కూడా. పొయ్యి గానీ స్టవ్ గానీ ఈ నీడ కిందికి రాకూడదు. పందిరి పక్కన ఇసుక బస్తా ఒకటి, నీళ్ల తొట్టి ఒకటి ఎప్పుడూ ఉండాలి. కోడలు అవునవునంటూ వింటోంది.

"ఎన్నాళ్లుంటది బాబాయ్?"

"గుంజలు అయిదారేళ్లు చూసుకోవచ్చు. ఆకుని మాత్రం నమ్ముకోమాకు. ఆశ్వీజం దాటాక గాలివాన కబురు రాంగానే బద్దలు విప్పి ఆకు దించెయ్యాల. చట్రం ఉంచు, దానికేం కాదు."

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆకు దించుకున్న ఇళ్లకు గుంజలు మిగిలాయని, దించనివాళ్లకు పందిరి గుంజలతో సహా లేచి పక్కింటి మీద పడిందని మేస్త్రీ చెప్తున్నాడు. నాలుగు నెలల ఎండ కోసం వేసుకున్నదాన్ని పన్నెండు నెలలూ నిలబెట్టాలనుకోవడమే పొరపాటని అతని లెక్క. దించిన ఆకు చెదపట్టకపోతే మళ్లీ పై పొరకు పనికొస్తుంది, చెదపట్టినది పొయ్యిలోకి.

డబ్బు ఇచ్చేటప్పుడు పెద్దావిడ బేరమాడలేదు. ఆకు చెక్కిన ఆవిడ కూలి మాత్రం విడిగా ఆమె చేతికే ఇచ్చింది. పనిముట్లు ట్రాక్టరులో వేసుకుంటూ మేస్త్రీ ఇంకో మాట చెప్పాడు. తొలకరి పడగానే దక్షిణపు గుంజల మొదట్లో దొండ తీగ నాటమన్నాడు, ఒకటి కాదు రెండు. దొండ ఏళ్ల తరబడి బతుకుతుంది, నీళ్లు పోస్తే వేసవిలోనూ పచ్చగా పాకుతుంది. ఆగ్నేయపు దారికి అడ్డం రాకుండా తీగను పైకే మళ్లించుకోవాలి. అది చట్రం మీద అల్లుకుంటే వచ్చే ఏడు ఆకు ఒక పొర చాలు. తీగ ఎవరింట్లో దొరుకుతుందో కోడలికి తెలుసు, రెండు వీధుల అవతల ఆడపడుచు దొడ్లో ఉంది.